గాజులో వేగులు

కార్తీక శుద్ధ విదియ నాడు ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు గాజుల అలంకారం చేస్తారు. అమ్మవారి మెడలో దండలు, మండపం స్తంభాలకు చుట్టిన వరసలు, పైనుంచి వేలాడే తోరణాలు అన్నీ గాజులే. చాలావరకు భక్తులు తెచ్చిచ్చినవే. కొండకు పడమటి పక్కనున్న భవానీపురం, విద్యాధరపురం ఆడవాళ్లు తెల్లారకముందే పొట్లాలు పట్టుకుని బయల్దేరతారు. ఆ రోజు అక్కడ నిలబడితే రంగులు తప్ప మరొకటి కంటికి ఆనదు. రసాయనశాస్త్రం కాస్త చదువుకున్నవాళ్లకు మాత్రం ఒక అనుమానం రావాలి. ఇవన్నీ ఇసుక, సోడా, సున్నం కరిగించి తీసినవే కదా, ఆ మూడింటిలో దేనికీ రంగు లేదే!

రంగు తెచ్చేది కొసరుగా వేసిన మరో పదార్థం. నీలం గాజులో కోబాల్టు ఉంటుంది. నూటికి ఒక వంతులో పదో వంతు కూడా అక్కర్లేదు, ముదురు నీలం వచ్చేస్తుంది. ఆకుపచ్చకు క్రోమియమో రాగో వేస్తారు. ఎరుపుది వేరే కథ, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ఎవరూ వేయకుండా చేరే రంగులూ ఉన్నాయి. కిటికీ అద్దాన్ని ఎదురుగా చూస్తే ఏ రంగూ కనిపించదు. అదే అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, పచ్చగా ఉంటుంది. ఇసుకతోపాటు వచ్చేసిన ఇనుము అది.

గాజు తన గురించి తాను చెప్పుకోదు. మన కంటికి కనిపించే కాంతిని అది అలాగే దాటనిస్తుంది, ఏమీ పట్టి ఉంచదు. దాని లోపలి అమరిక తెలియాలంటే లోపలికి ఎవరినైనా పంపాలి, లేదా ముందే చేరి ఉన్నవాళ్లను పట్టుకుని అడగాలి. పూర్వం రాజులు శత్రువుల కోటలోకి వేగులను పంపి సంగతులు రాబట్టినట్టన్నమాట. గాజుల మీద, పలుచని పొరల మీద, అర్ధవాహకాల మీద వచ్చిన పరిశోధనలో చాలా పెద్ద భాగం ఈ వేగుల వాంగ్మూలమే. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలకు ఈ పనిలో చెప్పుకోదగ్గ వాటా ఉంది. ఆ సంగతి ఇక్కడి జనానికి పెద్దగా తెలియదు.

స్ఫటికమైతే ఇంత తంటా ఉండేది కాదు. ఉప్పు రాయిలో, వజ్రంలో, సిలికాన్ బిళ్లలో పరమాణువులు వరస తప్పకుండా కూర్చుని ఉంటాయి. ఎక్స్-రే కిరణాలు వాటి మీద పడితే కొన్ని నిర్ణీత కోణాల్లోనే గట్టిగా చెదురుతాయి. కాగితం మీద సూదుల్లాంటి శిఖరాలు వస్తాయి. ఆ కోణాలను బట్టి పరమాణువుల మధ్య దూరం లెక్క కట్టవచ్చని బ్రాగ్ తండ్రీకొడుకులు 1912, 1913లలోనే చూపించారు. గాజును అదే యంత్రంలో పెడితే సూదులు రావు, ఒక వెడల్పాటి గుట్ట వస్తుంది. 1932లో జకారియాసెన్ దీనికి చెప్పిన వివరణ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. గాజులోనూ, క్వార్ట్జ్ స్ఫటికంలోనూ ఇటుక ఒకటే: ఒక సిలికాన్, దాని చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. ఇటుకకూ ఇటుకకూ మధ్య కోణం మాత్రం గాజులో చోటుకో తీరుగా ఉంటుంది. అందువల్ల పక్కింటి వరకు క్రమం ఉంటుంది, వీధి చివరకు వెళ్లేసరికి ఉండదు.

ఆ గుట్టను చూడాలనుకుంటే ఖరీదైన నమూనా అక్కర్లేదు. భవానీపురం నుంచి హైదరాబాదు రోడ్డున గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం వెళ్తే 1979 నుంచి బొగ్గు మండిస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, నార్ల తాతారావు పేరు పెట్టినది. బొగ్గులో కలిసి ఉన్న బంకమట్టి ఆ మంటలో కరిగి, గాలిలో తేలుతూనే చప్పున చల్లారి, కంటికి ఆనని గోళీలుగా గడ్డకడుతుంది. అదే బూడిద. దాన్ని మనం దుమ్ము అంటాం కానీ అందులో ఎక్కువ భాగం గాజే. ఎక్స్-రే యంత్రంలో పెడితే ముల్లైట్, క్వార్ట్జ్ స్ఫటికాల సూదులు కొన్ని, వాటి అడుగున 20 నుంచి 30 డిగ్రీల నడుమ గాజు గుట్ట ఒకటి కనిపిస్తాయి. సిమెంటు కంపెనీకి కావలసింది సూదులు కాదు, ఆ గుట్టే. సున్నంతో కలిసి గట్టిపడే గుణం గాజు భాగానిది. స్ఫటిక భాగం ఊరికే కూర్చుంటుంది. ఈ జిల్లాలో గాజు ఎక్కడ ఎక్కువ తయారవుతోందని ఎవరైనా అడిగితే నా జవాబు ఇబ్రహీంపట్నం అనే.

గుట్ట వల్ల ఇది గాజు అని తెలుస్తుంది. ఎలాంటి గాజు అన్నది అంతగా తెలియదు. అక్కడ కాంతి పని మొదలవుతుంది.

1928 ఫిబ్రవరిలో కలకత్తాలో రామన్, కృష్ణన్ కనిపెట్టిన సంగతి అందరికీ తెలిసిందే. ఒకే రంగు కాంతిని పదార్థం మీద వేస్తే చెదిరి వచ్చే కాంతిలో కొద్ది భాగం రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ పదార్థంలోని పరమాణువులు ఎలా కంపిస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే ఏడాది కృష్ణా జిల్లా కుర్రాడొకరు రామన్ దగ్గర చేరారు. ఆయనే సూరి భగవంతం, 1909లో పుట్టినవారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులుగా, ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. పదవుల జాబితాలో ఆయన చేసిన అసలు పని మరుగున పడింది. ఆ పని వజ్రంతో మొదలైంది.

వజ్రం రామన్ వర్ణపటంలో గట్టి గీత ఒక్కటే ఉంటుంది, 1332 దగ్గర. సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయన్న లెక్కలో చెప్పే సంఖ్య ఇది. 1930లో ఈ గీతను చూసినవాళ్లలో భగవంతం ఒకరు. లేజర్లు అప్పటికి ఇంకా ముప్పై ఏళ్ల దూరంలో ఉన్నాయి. పాదరసం దీపం వెలిగించి, ఫొటో పలకను గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి ఎదురుగా ఉంచేవారు. ఇంత కష్టపడితే వచ్చేది ఒక్క గీత. ఒక్కటే ఎందుకు? ఎన్ని గీతలు రావాలో ముందే లెక్కకట్టి చెప్పలేమా? ఈ ప్రశ్న ఆయనను వదల్లేదు. వాల్తేరులో టి. వెంకటరాయుడు అనే గణితజ్ఞుడితో కలిసి 1939లో దానికి పద్ధతి తయారుచేశారు. స్ఫటికంలో పరమాణువుల అమరికకు ఏయే సౌష్ఠవాలున్నాయో చూసి, సమూహ సిద్ధాంతం అనే గణితంతో, ఎన్ని కంపనాలుంటాయో, వాటిలో ఎన్ని రామన్‌లో కనిపిస్తాయో, ఎన్ని పరారుణ కాంతిలో కనిపిస్తాయో కాగితం మీదే తేల్చవచ్చు. 1948లో ఇద్దరూ కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఆ విషయం మీద పుస్తకం తెచ్చారు. కొత్త స్ఫటికం చేసినవాళ్లు నేటికీ రామన్ యంత్రం ముందు కూర్చునేలోపు ఈ లెక్క వేసుకుంటారు. వాళ్లలో చాలామందికి ఆ పద్ధతి వాల్తేరులో పుట్టిందని తెలియదు.

ఇంత అందమైన లెక్క గాజు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. సౌష్ఠవమే లేని చోట సౌష్ఠవంతో లెక్క ఏం కడతాం? క్వార్ట్జ్ స్ఫటికంలో 464 దగ్గర సన్నటి గీత వస్తుంది. అదే సిలికాను కరిగించి గాజుగా చల్లార్చితే 440 ప్రాంతంలో గుట్ట మిగులుతుంది. ఆ గుట్ట భుజం మీద రెండు చిన్న మొనలు మాత్రం పొడుచుకొచ్చి ఉంటాయి, ఒకటి 490 దాటాక, రెండోది 606 దగ్గర. నాలుగేసి, మూడేసి ఇటుకలు గుండ్రంగా ముడిపడిన చిన్న వలయాల గుర్తులవి. ఎక్స్-రే గుట్టలో కనిపించని సంగతి ఇది. గాజును ఎంత వేగంగా చల్లార్చారో కూడా ఈ మొనల ఎత్తును బట్టి ఊహించవచ్చు.

ఇప్పుడు విజయవాడ, గుంటూరుల మధ్యనున్న నాగార్జున నగర్‌కు రండి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. అక్కడి భౌతికశాస్త్ర విభాగమూ, నూజివీడులోని స్నాతకోత్తర కేంద్రమూ దశాబ్దాలుగా పట్టుకున్న పని గాజుల్లోకి అతిథి అయాన్లను పంపి వాటి వర్ణపటాలు తీయడం. నూజివీడులో ఎన్. వీరయ్య బృందం, నాగార్జున నగర్‌లో ఆర్.వి.ఎస్.ఎస్.ఎన్. రవికుమార్ బృందం ప్రచురించిన వ్యాసాలు ప్రపంచంలో గాజు పరిశోధకులు ఉన్న ప్రతిచోటా కనిపిస్తాయి. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సి.కె. జయశంకర్ బృందం అరుదైన మృత్తిక అయాన్లతో లేజర్లకు పనికొచ్చే గాజుల మీద పనిచేసింది. ఈ సంప్రదాయానికి వెనక వాల్తేరులో కె. రంగధామరావు పెంచిన స్పెక్ట్రోస్కోపీ పాఠశాల ఉంది. యంత్రాలకు డబ్బు తక్కువ, గాజు చేయడానికి ఖర్చు తక్కువ, ఆలోచించాల్సింది ఎక్కువ. మన విశ్వవిద్యాలయాలకు ఈ రంగం అంతగా అతికినట్టు కుదరడానికి కారణం అదేనని నా లెక్క.

గాజు తయారీ చూడటానికి తేలిగ్గానే ఉంటుంది. బోరిక్ ఆమ్లం, సోడియం కార్బొనేట్, ఇంకో రెండు ఆక్సైడులు, చివరగా నూటికి ఒక పాలు కంటే తక్కువ వెనేడియమో రాగో తూకం వేస్తారు. అగేట్ కల్వంలో మెత్తగా నూరతారు. మూసలో పోసి కొలిమిలో వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో కరిగిస్తారు. బుడగలు పోయాక ఇత్తడి పలక మీద ఒంపి, ఇంకో పలకతో అదుముతారు. వెంటనే మూడు నాలుగు వందల డిగ్రీల దగ్గర ఉన్న మరో కొలిమిలోకి మార్చి మెల్లగా చల్లార్చాలి. ఈ చివరి మెట్టు తప్పితే బిళ్ల లోపల బిగింపు ఉండిపోయి, తర్వాత పాలిష్ పట్టేటప్పుడు టప్పున పగులుతుంది.

బిళ్ల చేతికొచ్చాక వేగును పలికించాలి. అందుకు అన్నిటికంటే పదునైన సాధనం ఈపీఆర్. 1944లో సోవియట్ రష్యాలోని కజాన్ నగరంలో జవోయిస్కీ దీన్ని కనిపెట్టాడు. గాజు మీద వాడటం 1950లలో మొదలైంది. జంట లేకుండా ఒంటరిగా ఉన్న ఎలక్ట్రాను చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బయటి నుంచి అయస్కాంత క్షేత్రం పెడితే అది రెండు స్థితుల్లో దేనిలోనైనా ఉండవచ్చు. మూడు సెంటీమీటర్ల మైక్రోతరంగాలు పంపుతూ క్షేత్రాన్ని పెంచుకుంటూ పోతే, ఒకచోట ఎలక్ట్రాను ఆ తరంగాన్ని మింగి స్థితి మారుతుంది. ఏ బంధనమూ లేని ఎలక్ట్రానుకైతే అది 3400 గాస్ దగ్గర జరుగుతుంది. గాజులో కూర్చున్న ఎలక్ట్రానుకు చుట్టుపక్కల ఆక్సిజన్ల ప్రభావం వల్ల ఆ చోటు జరుగుతుంది. ఎంత జరిగిందో ఒక సంఖ్యగా రాసి, దాన్ని బట్టి పరిసరం ఎలా ఉందో చెప్పవచ్చు.

దీని అందం గీతల లెక్కలో ఉంది. ఎలక్ట్రానులాగే వెనేడియం కేంద్రకం కూడా చిన్న అయస్కాంతమే, దాని స్పిన్ ఏడు బై రెండు. దాని ముందు ఎలక్ట్రాను గీత ఎనిమిదిగా చీలిపోతుంది. మాంగనీసు అయితే ఆరు. రాగి అయితే నాలుగు. గాజులో ఏముందో ఎవరూ చెప్పకపోయినా గీతలు లెక్కబెట్టి అయాన్ పేరు చెప్పేయవచ్చు. అక్కడితో ఆగితే రసాయన పరీక్షకూ దీనికీ తేడా లేదు. రాగి విషయంలో ఇంకో మెట్టు ఉంది. దాని గీతలు రెండు గుంపులుగా వస్తాయి. ఒక గుంపు నుంచి 2.3 దరిదాపు సంఖ్య, ఇంకో గుంపు నుంచి 2.06 దరిదాపు సంఖ్య తేలతాయి. మొదటిది పెద్దది, రెండోది చిన్నది, రెండూ ఏ బంధనమూ లేని ఎలక్ట్రాను సంఖ్య 2.0023 కంటే ఎక్కువ. ఈ వరస ఇలా ఉంటే రాగి చుట్టూ ఆరు ఆక్సిజన్లున్నాయని, వాటిలో పైనా కిందా ఉన్న రెండూ దూరంగా లాగినట్టున్నాయని అర్థం. గుట్ట తప్ప ఏమీ చూపించని గాజులో, రాగి అయాన్ తన ఇంటి నమూనా గీసి చేతికిచ్చింది!

మామూలు సీసా గాజును ఈ యంత్రంలో పెట్టినా ఒక గీత వస్తుంది, 4.3 అనే సంఖ్య దగ్గర. ఇసుకలోంచి వచ్చిన ఇనుముదే అది. ఈపీఆర్ చేసేవాళ్లకు ఆ గీత ఎంత పరిచయమంటే, నమూనా పెట్టే గొట్టం గాజు మంచిది కాకపోతే నమూనా గీతల్లో గొట్టం గీత కూడా కలిసి కూర్చుంటుంది. అందుకే శుద్ధమైన క్వార్ట్జ్ గొట్టాలు వాడతారు.

యూరోపియం ఇంకో రకం వేగు. దాన్ని అతినీలలోహిత కాంతితో రెచ్చగొడితే ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగులో రెండు పట్టీలు ముఖ్యం. 590 నానోమీటర్ల దగ్గరిది చుట్టుపక్కల ఏముందని పట్టించుకోదు. 612 దగ్గరిది పరిసరంలో సౌష్ఠవం ఎంత చెడితే అంత ఎగసిపడుతుంది. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చే సంఖ్య, యూరోపియం కూర్చున్న గది ఎంత వంకరగా ఉందో చెబుతుంది. టీవీ తెరల్లో ఎరుపు కోసం చాలాకాలం వాడినదీ యూరోపియం వెలుగునే.

వేగులు చెప్పేది తమ చుట్టూ ఉన్న గది గురించే. భవనం మొత్తం గురించి కావాలంటే పరారుణ కాంతి వేయాలి. బోరేట్ గాజుల్లో ఇది బాగా పనికొస్తుంది. బోరాన్ మూడు ఆక్సిజన్లతో బల్లపరుపుగానూ ఉండగలదు, నాలుగింటితో పిరమిడ్‌లానూ ఉండగలదు. మూడువి, ముందు చెప్పిన సెంటీమీటరు లెక్కలో, 1200 నుంచి 1500 మధ్య కాంతిని మింగుతాయి, నాలుగువి 800 నుంచి 1200 మధ్య. సోడా కలుపుకుంటూ పోతే మొదట మూడువి నాలుగుగా మారతాయి, గాజు గట్టిపడుతుంది. ఒక హద్దు దాటాక ఆ దిశ తిరగబడుతుంది. వేడికి పగలని ప్రయోగశాల గాజు సామాను చేయడంలో ఈ తిరగబాటును అదుపులో ఉంచుకోవడం ముఖ్యం.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. గాజు వ్యాసాలు చదివి చదివి ఒక వరస కంఠతా వచ్చేస్తుంది. ఎక్స్-రే, పరారుణం, కాంతి శోషణ, ఈపీఆర్, చివరికి టాక్ గ్రాఫ్. వ్యాసంలో గాజు మారుతుంది, అయాన్ మారుతుంది, వరస మారదు. ముఖ్యంగా టాక్ గ్రాఫ్ విషయంలో నాకు గుర్రు. 1966లో యాన్ టాక్, ఆయన సహచరులు క్రమం లేని జెర్మేనియం కోసం ఒక సమీకరణం రాశారు. కాంతి శోషణను ఒక పద్ధతిలో గీసి, తిన్నగా ఉన్న భాగాన్ని కిందికి పొడిగిస్తే శక్తి అంతరం వస్తుంది. ఆ సమీకరణంలో ఒక ఘాతాంకం ఉంది. పదార్థం గుణాన్ని బట్టి ముందే ఎంచుకోవలసిన దాన్ని చాలామంది ఏది పెడితే గీత తిన్నగా కనిపిస్తుందో అది పెడతారు. ఏ భాగం తిన్నగా ఉందన్నది కూడా కంటి చూపు మీదే. ఫలితాన్ని మాత్రం దశాంశం తర్వాత రెండు స్థానాల వరకు రాస్తారు. ఆ రెండో స్థానాన్ని నమ్మకండి.

పలుచని పొరల దగ్గరకొస్తే ప్రశ్న మారుతుంది. ముందు పొర మందం ఎంత అని అడగాలి. వానాకాలంలో తడి రోడ్డు మీద ఆయిలు చుక్క పడితే రంగులు తేలతాయి. పైముఖం నుంచి తిరిగొచ్చిన కాంతీ, కిందిముఖం నుంచి తిరిగొచ్చిన కాంతీ కలిసి ఒక రంగును బలపరిచి ఒక రంగును చంపేయడం వల్ల వచ్చేవి అవి. అద్దం మీద పూసిన పొరలోంచి కాంతిని పంపి, తరంగదైర్ఘ్యం మారుస్తూ ఎంత దాటిందో గీస్తే గీత అలల్లా లేస్తూ పడుతూ ఉంటుంది. 600 నానోమీటర్ల దగ్గర ఒక అల శిఖరం, దాని పక్కది 500 దగ్గర వచ్చాయనుకుందాం. పొర వక్రీభవన గుణకం 2 అనుకుందాం. రెండు తరంగదైర్ఘ్యాలను గుణించి, వాటి తేడాను నాలుగు రెట్లు చేసి దానితో భాగించాలి. మూడు లక్షలను నాలుగు వందలతో భాగిస్తే 750. పొర మందం 750 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వందో వంతు పొరను స్కేలు లేకుండా కొలిచేశాం. పొర ఇంకా పలుచనైతే అలలు రావు, అప్పుడు ఎలిప్సోమెట్రీ అనే పద్ధతి కావాలి. వాలుగా పడి తిరిగొచ్చే కాంతి తన ధ్రువణం ఎలా మార్చుకుందో అది కొలుస్తుంది.

సిలికాన్ పొరకు రామన్ గీత చాలు. స్ఫటిక సిలికాన్ 520 దగ్గర సన్నటి గీత ఇస్తుంది, క్రమం లేనిది 480 దగ్గర గుట్ట ఇస్తుంది. పొరలో రెండూ కలిసి ఉంటే వాటి ఎత్తులను పోల్చి ఎంత భాగం గడ్డకట్టిందో చెప్పవచ్చు. పొర మీద లాగుడు ఉంటే 520 కాస్త తగ్గుతుంది, నొక్కుడు ఉంటే పెరుగుతుంది. చిప్పుల కర్మాగారాల్లో ఇది రోజువారీ కొలత.

పొర పైముఖం ఏ మూలకాలతో ఉందో ఎక్స్‌పీఎస్ చెబుతుంది. ఎక్స్-రే వేసి, బయటికి ఎగిరొచ్చిన ఎలక్ట్రాన్ల శక్తి కొలవడం దీని పద్ధతి. కాయ్ సీగ్బాన్‌కు 1981లో నోబెల్ తెచ్చిన పని ఇది. ఇది చూసేది పైన పది నానోమీటర్ల లోపే. ఏ నమూనా పెట్టినా కార్బన్ శిఖరం ఒకటి తప్పక వస్తుంది. గాలిలో పెట్టిన ప్రతి ముఖం మీదా అంటుకునే మురికి అది. దాన్ని తిట్టుకోవడం మానేసి, దాని శిఖరాన్ని 284.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంచి మిగతా కొలతలన్నీ సరిచేసుకోవడం అలవాటుగా మారింది. ఆ మురికే కొలబద్ద అయింది. ఆ అలవాటు ఎంత నమ్మదగినదన్న దాని మీద ఇప్పుడు గట్టి వాదనలు నడుస్తున్నాయి.

ఇక ఎర్ర గాజు. నీలానికీ ఆకుపచ్చకూ ఒక్కో అయాన్ చాలు. ఎరుపుకు కాడ్మియం, సల్ఫర్, సెలీనియం కలిపి గాజులో కరిగించే పద్ధతి ఉంది. తీసినప్పుడు గాజు దాదాపు రంగు లేకుండానే ఉంటుంది. మళ్లీ కాసేపు వేడి చేస్తే ఎరుపు తేలుతుంది. ఆ వేడిలో జరిగేదేమిటంటే లోపల కాడ్మియం సల్ఫోసెలీనైడ్ స్ఫటికాలు మొలకెత్తుతాయి. అది అర్ధవాహకం. నీలాన్నీ ఆకుపచ్చనూ మింగి ఎరుపును దాటనిస్తుంది. అంటే అలాంటి ఎర్ర గాజు వేసుకున్న చేతికి కోట్లాది అర్ధవాహక రేణువులున్నాయి.

ఇలాంటి గాజులనే 1970ల చివర్లో సోవియట్ యూనియన్‌లోని వావిలోవ్ ఆప్టికల్ సంస్థలో అలెక్సీ ఎకిమోవ్ పరీక్షించాడు. ఒకే పదార్థం కలిపినా వేడి చేసిన తీరును బట్టి రంగు మారడం ఎందుకన్నది ఆయన ప్రశ్న. రాగి క్లోరైడ్ కలిపిన గాజును 500 నుంచి 700 డిగ్రీల మధ్య, గంట నుంచి 96 గంటల దాకా వేడి చేసి చూశాడు. ఎక్స్-రే చూపించిన రేణువులు కొన్నిట్లో రెండు నానోమీటర్లే, కొన్నిట్లో ముప్పై దాకా. రేణువు చిన్నదయ్యే కొద్దీ శోషణ నీలం వైపు జరిగింది. ఎలక్ట్రాను తిరగడానికి చోటు ఇరుకైతే దాని శక్తి పెరుగుతుందని క్వాంటం సిద్ధాంతం ముందే చెప్పింది. దాన్ని గాజులో కంటితో చూడగలిగినవాడు ఆయన. 1981లో ప్రచురించాడు. 2023లో రసాయనశాస్త్ర నోబెల్ ముగ్గురికి ఇచ్చినప్పుడు వాళ్లలో ఎకిమోవ్ ఒకడు. క్వాంటం చుక్కల టీవీ అని దుకాణాల్లో అమ్ముతున్నది ఈ సంగతినే.

అర్ధవాహకంలో వేగు అంటే మాలిన్యమే, మన కృష్ణ ఒడ్డున దానికి మించిన ఉదాహరణ దొరకదు. భవానీపురం నుంచి హైదరాబాదు రోడ్డునే ముందుకు వెళ్తే పరిటాల వస్తుంది. ఒకప్పటి వజ్రాల గనుల ఊరు. నదికి ఆవలి ఒడ్డున కొల్లూరు ఉండేది, ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు ఆ గనికి వచ్చాడు. ఆయన తీసుకెళ్లి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మిన సుమారు 115 క్యారెట్ల నీలి రాయి కొల్లూరుదేనని నమ్మకం. 1673లో దాన్ని తిరిగి సానబట్టారు. 1792లో ఫ్రెంచి విప్లవపు గందరగోళంలో ఎవరో దొంగిలించారు. తర్వాత ఇంకా చిన్నదై లండన్‌లో తేలింది. ఇప్పుడు 45.52 క్యారెట్ల హోప్ వజ్రంగా వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

దాని నీలానికి కారణం బోరాన్. పది లక్షల కార్బన్ పరమాణువుల్లో ఒకటీ అరా, కొన్నిచోట్ల ఏడెనిమిది. కార్బన్‌కు బంధానికి నాలుగు ఎలక్ట్రాన్లు, బోరాన్‌కు మూడే. ఆ లోటు వల్ల మిగిలిన వజ్రాలు విద్యుత్తును ఆపేస్తే ఇది ప్రవహించనిస్తుంది, పైగా ఎర్రటి కాంతిని మింగి నీలంగా కనిపిస్తుంది. సిలికాన్‌లో ఇంజనీర్లు కావాలని చేసే పనిని ఇక్కడ భూమి తనంతట తానే చేసింది.

చీకట్లో ఈ రాయి మీద అతినీలలోహిత కాంతి వేసి ఆర్పేస్తే, నిప్పు కణికలా ఎర్రగా దాదాపు నిమిషం పాటు వెలుగుతుంది. శాపం కథలు కట్టినవాళ్లకు ఇది దొరికిన వరం. 2008లో వెలువడిన పరిశోధన ఆ కథను వర్ణపటంలోకి దించింది. బోరాన్ ఉన్న సహజ నీలి వజ్రాల్లో దాదాపు అన్నిటిలోనూ ఈ మిగులు వెలుగుకు రెండు పట్టీలుంటాయి, 500 నానోమీటర్ల దగ్గర నీలాకుపచ్చది, 660 దగ్గర ఎరుపుది. రెండిటి పాళ్లూ, ఆరిపోయే వేగమూ రాయికి రాయికీ మారతాయి. హోప్‌లో ఎరుపుది గెలుస్తుంది, అంతే. రాయిని గుర్తు పట్టడానికి దీన్ని వేలిముద్రలా వాడవచ్చని ఆ పరిశోధకులు సూచించారు.

అలా వాడే అవసరం రెండేళ్లకే వచ్చింది. ఒకప్పుడు బవేరియా రాజవంశం దగ్గర తరతరాలుగా ఉండిన విట్టెల్స్‌బాఖ్ అనే నీలి వజ్రం కూడా భారతదేశం నుంచి వెళ్లిందే, అదీ ఎర్రగానే వెలుగుతుంది. రెండూ ఒకే రాయి ముక్కలని చాలాకాలంగా ఊహాగానం ఉంది. 2010లో రెండూ ఒకేచోట ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టి పరీక్షించారు. పోలికలు చాలానే తేలాయి, కానీ లోపలి స్ఫటిక లోపాల, బిగింపుల గుర్తులు కలవలేదు. ఒకే రాయి కాదని తేలింది.

బోరాన్ ఎక్కడిదన్న ప్రశ్నకు 2018లో ఒక జవాబు వచ్చింది. 46 నీలి వజ్రాల లోపల చిక్కుకున్న ఖనిజ రేణువులను, రాయి పగలగొట్టకుండా, రామన్ పద్ధతిలోనే గుర్తించారు. అవి భూమిలో 660 కిలోమీటర్లకు దిగువన ఏర్పడే ఖనిజాల ఆనవాళ్లు. ఆ లోతులో బోరాన్ దాదాపు ఉండదు. సముద్రపు అడుగు పలకలు భూమి లోపలికి కుంగినప్పుడు వాటితోపాటు దిగి ఉండాలని ఆ పరిశోధకుల అభిప్రాయం. హోప్ ఆ 46లో లేదు. ఏ వజ్రం ఏ గనిలోంచి వచ్చిందో కొలిచి చెప్పే పరీక్ష మాత్రం ఇంతవరకు లేదు. కొల్లూరా పరిటాలా అన్నది ఇప్పటికీ ఆనాటి వర్తకుల రాతల మీదే ఆధారపడి ఉంది.